డిస్కు లేని ఆట

మా ఇంట జరిగిన ఒక సంగతి మీతో చెప్పగోరుచున్నాము. చిన్నదే గాని మమ్మును గట్టిగా గద్దించినది.

మందిరపు పనుల నిమిత్తము ఒక కుటుంబమువారు తమ పాత కంప్యూటరు మాకు ఇచ్చారు. సంఘపెద్దగారి అబ్బాయి చదువుకొనే రోజుల్లో కొనుక్కున్న స్టార్‌క్రాఫ్ట్ అనే ఆట డిస్కు వారింట ఉన్నది. 1998లో వచ్చిన ఆట అది. సెలవుల్లో మావాడు దానిని అడిగి తెచ్చి, కంప్యూటరులో ఎక్కించుకొని, డిస్కు తిరిగి ఇచ్చివేశాడు. ఎరువు సొమ్ము భద్రముగా అప్పగించాడని మేము సంతోషించాము.

మరునాడు ఆట తెరుచుకోలేదు. డిస్కు పెట్టమని అడిగింది. ఆ కాలపు ఆటలు చాలావరకు అంతే. ఆట కంప్యూటరులో ఎక్కించినా, మొదలుపెట్టగానే డిస్కు ఉన్నదా అని చూసుకొంటాయి. ఒకరు కొని పది ఇండ్లలో ఎక్కించకుండా అదొక కావలి.

మావాడి స్నేహితుడు పెన్‌డ్రైవులో ఒక ఫైలు తెచ్చాడు. అది వేస్తే ఆట డిస్కు అడగదట. “వేసుకోమంటారా, నాన్నగారూ?” అన్నాడు మావాడు. ప్రసంగము సిద్ధపరచుకొంటున్న మేము తల ఎత్తకుండానే, “సరేలే, పాత ఆటే గదా” అన్నాము.

ఆ ఆదివారము మా ప్రసంగము ఎనిమిదవ ఆజ్ఞ మీద. పొలము గట్టు జరుపుట, కాటాలో తగ్గించుట, కూలి ఎగవేయుట, అన్నీ చెప్పాము. ఇంటికి వచ్చి భోజనానికి కూర్చున్నప్పుడు మావాడు మెల్లగా అడిగాడు: “నాన్నగారూ, ఆ ఫైలు కూడా గట్టు జరపడమేనా?”

మాకు ముద్ద దిగలేదు. ఎలీషా దినములలో ఎరువు తెచ్చిన గొడ్డలి నీళ్లలో పడితే ఆ శిష్యుడు ఎంతగానో కలవరపడ్డాడు. మాకు ఆపాటి నొప్పి కూడా కలుగలేదు. కొన్నవారు తమ డిస్కు పాడైతే ఆదుకొనుటకు ఒక ప్రతి తీసి ఉంచుకొనవచ్చునని మన 1957 కాపీరైటు చట్టమే సెలవిస్తున్నది. కాని మేము కొన్నవారము కాము.

సాయంత్రము ఫైలును, ఆటను కూడా తీసివేయించాము. తప్పు వాడిది కాదు, మాదేనని వాడి ఎదుట ఒప్పుకొన్నాము. తరువాత పెద్దగారి అబ్బాయికి ఫోను చేసి, డబ్బిచ్చి కొనుక్కొనే దారి ఉన్నదా అని అడిగాము. అతడు నవ్వాడు. “అయ్యగారూ, ఆట చేసిన బ్లిజార్డ్ కంపెనీవారే 2008లో డిస్కు అక్కరలేకుండా సవరణ ఇచ్చారు. 2017లో ఆ పాత ఆటను ఉచితముగానే ఇచ్చివేశారు. వారి దగ్గరనుండే దింపుకోండి.”

యజమాని ఉచితముగా ఇచ్చుచున్నదానిని మేము దొంగదారిన తెచ్చుకొన్నాము! గొర్రెల దొడ్డికి ద్వారము తెరిచియుండగా గోడ ఎక్కినవారివలె ఉన్నాము. ఒక్కమాట అడిగియుంటే సరిపోయేది.

తల్లిదండ్రులారా, బిడ్డలు అడిగేది మనకు చిన్న ప్రశ్నగానే తోచవచ్చును. అయినను తల ఎత్తి జవాబు చెప్పండి. ప్రభువు మీ గృహములను కాపాడును గాక. ఆమేన్.