పొగడపూలు ఊడ్చేయకముందే...

ఎండాకాలం ఊరెళ్లి వస్తూ ఎవరైనా ఏం తెస్తారు? ఆవకాయ జాడీ, రెండు డజన్ల మామిడిపళ్లు, తాటిబెల్లం, దార్లో తినడానికి పులిహోర పొట్లం. మా అమ్మ ఈసారి అవేవీ అడగలేదు.

‘‘ఫొటోలు తీసుకురావే’’ అంది.

‘‘ఎవరివి?’’

‘‘పూలవి!’’

అమ్మ పుట్టిల్లు కడియం పక్కన ఓ పల్లె. పెళ్లయి యాభై ఏళ్లు దాటినా ఏటా మే నెలలో ఓ పది రోజులు అక్కడికి వెళ్లి రాకపోతే ఆవిడకు ఎండాకాలం వచ్చినట్టే ఉండదు. పోయిన దీపావళికి ముందు బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషనైంది, వాకరు పట్టుకుని హాలు దాకా నడుస్తోంది. కానీ రైలెక్కడం మాత్రం ఈ ఏడాదికి వద్దన్నారు డాక్టరు. హైదరాబాద్‌లో మాది నాలుగో అంతస్తు. బాల్కనీలో కూర్చుంటే ఎదురింటి నీళ్ల ట్యాంకులు కనిపిస్తాయి, అంతే.

నేను బయల్దేరే ముందురోజు పాత క్యాలెండరు కాగితం వెనక ఓ జాబితా రాసిచ్చింది. అచ్చం కిరాణా సరుకుల చీటీలాగే! కాకపోతే పక్కన కిలోలకు బదులు వేళలున్నాయి. ‘తురాయి - ఎండ ముదరకముందు. గడ్డిగులాబీ - పది దాటాక. చంద్రకాంత - సాయంత్రం కాఫీ వేళకి. బొడ్డుమల్లె - దీపాలు పెట్టే వేళ. శివాలయం పొగడ - ఊడ్చకముందు.’ ఆఖరి దాని కింద రెండు గీతలు కొట్టింది.

లిన్నేయస్ అనే స్వీడన్ వృక్షశాస్త్రవేత్త 1751లో ఇలాంటి ఆలోచనే చేశాడు. ఒక్కో పువ్వు విచ్చుకునే, ముడుచుకునే వేళల్ని బట్టి గంటలు తెలుసుకోవచ్చని పూలగడియారం ఊహించాడు. అమ్మకి లిన్నేయస్ తెలీదు. ఆవిడ గడియారం మాత్రం ఎప్పుడూ తప్పదు.

కాలువలో క్రికెట్

రాజమహేంద్రవరం స్టేషన్లో దిగేసరికి బాబాయి స్కూటరుతో సిద్ధం. అక్కణ్నుంచి కడియం పది, పన్నెండు కిలోమీటర్లే. హైవే మీద వెళ్తే తొందరగా చేరిపోతాం గానీ ధవళేశ్వరం మీదుగా పోనిమ్మన్నాను. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తిచేసింది ఇక్కడే. ఇప్పుడున్నది తర్వాత కట్టిన బ్యారేజీ. వానాకాలంలో ఎర్రగా ఉరకలేసే గోదారి, మేలో ఇసుక తిన్నెల మధ్య ఎటు పోవాలో ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. రబీ కోతలయ్యాక మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు కదా... అడుగున బురద ఎండి బీటలు వారింది. ఒకచోట పిల్లలు అందులోకి దిగి క్రికెట్ ఆడుతున్నారు. జూన్‌లో నీళ్లొదిలితే ఆ పిచ్ మునిగిపోతుంది. మొదటి ఫొటో అదే తీశాను. జాబితాలో లేకపోయినా!

గట్టు మీద తురాయి నిప్పు అంటుకున్నట్టు పూసి ఉంది. దూరం నుంచి చూస్తే ఎర్రటి గొడుగు. కిందపడ్డ ఒక్క పువ్వు తీసి చూడండి. నాలుగు రేకులు ఎర్రగా ఉంటాయి. అయిదోది మాత్రం వేరు. కాస్త పెద్దది, తెలుపూ పసుపూ మీద ఎర్రటి చారలు, చుక్కలు. చిన్నప్పుడు ఈ పూల మొగ్గలు విప్పి, లోపలి కేసరాలతో కోడిపందేలాడిన వాళ్లం మనం. ఆ రేకు సంగతి ఎప్పుడూ గమనించలేదు నేను. కెమెరా దగ్గరగా పెడితే తప్ప కనిపించలేదు. ఇంత మన చెట్టనుకునే తురాయి సొంతూరు మడగాస్కర్ అట. ఆ పక్కనే రేలచెట్టు పసుపు గుత్తులు వేలాడేసుకుని నిలబడింది. అది అచ్చంగా మనదే.

తెల్లపూలతో తంటా

కడియపులంక, కడియపుసావరం వైపు వెళ్లినవాళ్లకు నర్సరీల గురించి చెప్పక్కర్లేదు. హైవేకి రెండువైపులా మొక్కలే మొక్కలు. అరచేతిలో పట్టే క్రోటన్ల నుంచి లారీకెక్కించే ఈతచెట్ల దాకా. మండువేసవిలోనూ బోర్ల నీళ్లతో పచ్చగా ఉంటాయి. ఆడవాళ్లు నీడన కూర్చుని కబుర్లాడుకుంటూ నల్ల కవర్లలో మట్టీ ఎరువూ నింపుతుంటారు. ఎంత వేగమంటే, ఒకరి చేతుల ఫొటో తీస్తే వేళ్లన్నీ అలుక్కుపోయి వచ్చాయి.

‘‘యూట్యూబోళ్లాండీ?’’ అనడిగాడు నర్సరీ ఆయన. కాదన్నాను. ‘‘మరి పేపరోళ్లా?’’ కాదు, మా అమ్మ కోసం అన్నాను. ఆయన కాసేపు నన్నూ కెమెరానీ మార్చి మార్చి చూసి, ‘‘ఆయ్... అయితే ఆ వలకింద తియ్యకండి. పువ్వులు పచ్చగా పడతాయి’’ అన్నాడు.

నిజమే! ఎండ తగలకుండా పైన కట్టిన ఆకుపచ్చ వల గుండా వచ్చే వెలుతురులో తెల్ల మందారం కాస్తా జబ్బుచేసినట్టు కనిపించింది. కుండీని రెండు గజాలు బయటికి జరిపిస్తే సరిపోయింది. అసలు తెల్లపూలు తీయడమే ఓ తంటా. చుట్టూ ఆకుల ముదురు రంగు చూసి కెమెరా వెలుతురు పెంచేస్తుంది. దాంతో రేకులమీది గీతలన్నీ పోయి సున్నం కొట్టినట్టవుతుంది. ఫోనుతో తీసేవాళ్లకి చిన్న కిటుకు. తెరమీద పువ్వుని వేలితో తాకితే చాలా ఫోన్లలో పక్కనే సూర్యుడి బొమ్మ వస్తుంది. దాన్ని కొంచెం కిందికి జరిపి చూడండి. ఇది మా అబ్బాయి ఫోన్లో విసుక్కుంటూ చెప్పిన పాఠం. ఇంకో సంగతి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. నిలబడి పైనుంచి తీస్తే అన్ని పూలూ ఒకలాగే ఉంటాయి. మోకాళ్లమీద కూర్చుంటేనే ఒక్కోదానికి ఒక్కో మొహం వస్తుంది. మోకాళ్లు సహకరిస్తే!

మిట్టమధ్యాహ్నం కెమెరాకి సెలవు. నడినెత్తి ఎండలో ఏ పువ్వూ బాగా పడదు, మనమూ బాగా ఉండం. పిన్ని పెరట్లో గడ్డిగులాబీలు మాత్రం ఆ ఎండకే రెచ్చిపోయి పూశాయి. నాలుగు తీసి లోపలికొచ్చేశాను. కొత్తావకాయ కలిపిన వేడన్నం, దానిమీద వెన్నపూస, మధ్యలో ఉల్లిపాయ ముక్క. భోజనమయ్యాక చాపమీద వాలితే వీధిలో ‘ముంజల్... తాటిముంజల్’ అని కేక. బాబాయి గెల కొనిపించి అక్కడే కొట్టించాడు. ఒక్కో కాయలో మూడు కళ్లు. బొటనవేలు గుచ్చి ముంజని పైకి లేపడం నాకు ఇప్పటికీ రాదు. నీళ్లన్నీ చీరమీదే. ఆ మరక పోదని పిన్ని ఓ పక్క తిడుతూనే ఉంది.

చంద్రకాంతలు మాట తప్పలేదు. నాలుగున్నరకి కాఫీ గ్లాసుతో పెరట్లోకి వెళ్తే దడి పక్కన ముడుచుకున్నవన్నీ ఒక్కోటీ విప్పుకుంటున్నాయి. మల్లెల కోసం ఇంకో రెండు గంటలు ఆగాల్సొచ్చింది. మార్కెట్‌కెళ్లే మల్లెల్ని తెల్లారుజామునే మొగ్గలుగా కోసేస్తారు. మనం మూర కొనేటప్పుడు చూసేవీ మొగ్గలే. చెట్టు మీదే విచ్చుకుంటుండగా చూసి ఎన్నేళ్లయిందో! ఒకే మొగ్గని పావుగంటకోసారి తీశాను. రెండు ఫొటోల మధ్య ఏమీ మారినట్టు కనిపించదు. మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెడితే గానీ తెలీదు. ఆ వాసనకి పక్కింటామె కూడా గోడ దగ్గరకొచ్చి నిలబడింది. పిన్ని, ఆవిడా ఎవరి పెళ్లి గురించో మాట్లాడుకుంటున్నారు. కరెంటు పోయింది. ఎవరూ కదల్లేదు.

రెండు గీతలు కొట్టిన పువ్వు

ఇక మిగిలింది పొగడ. మర్నాడు ఆరున్నరకి శివాలయానికి వెళ్లాను. చెట్టుంది. అమ్మయ్య అనుకున్నాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయిందేమోనని దారంతా భయపడుతూనే వచ్చాను మరి. కానీ కింద నేల అద్దంలా ఉంది. ఊడ్చేసి, నీళ్లు చల్లి, ముగ్గు కూడా వేసేశారు. పువ్వులన్నీ మూలన చెత్తకుప్పలో, ఎండుటాకులతో కలిసి! పైకి చూస్తే ముదురాకుల గుబురు తప్ప ఏమీ కనిపించదు. చొక్కా గుండీ అంతుంటుందేమో పొగడపువ్వు. చెట్టు మీద ఆకుల చాటున దాక్కుంటుంది. రాత్రంతా రాలి, నేలమీదే తనని చూడమంటుంది.

చీపురు పట్టుకున్న పెద్దామె నా వాలకం చూసి నవ్వింది. ‘‘పువ్వులు కావాలామ్మా? రేపు అయిదింటికి రండి. మీరొచ్చేదాకా ఊడవను’’ అంది.

మర్నాడు అయిదింటికి వెళ్తే ఇంకా చీకటే. తొందరపడి ఫ్లాష్‌తో తీశాను. పూలన్నీ మరమరాల్లా వచ్చాయి. కెమెరా ఆపేసి అరుగుమీద కూర్చున్నాను. పెద్దామె చీపురు పక్కన పెట్టి కూర్చుంది. చప్పుడు లేకుండా ఒకటీ అరా రాలుతూనే ఉన్నాయి. నా భుజమ్మీద ఒకటి, ఆవిడ తలమీద ఒకటి. మెల్లగా తూర్పున తెలుపొచ్చింది. నేలంతా మీగడ రంగు చుక్కలు. ఒక్కోటీ చిన్న చక్రం, మధ్యలో కన్నం. అరుగుకి ఆనించి పెడితే కెమెరా కదల్లేదు. ముప్ఫై, నలభై తీశానేమో. చివర్లో ఆవిణ్ని కూడా ఒకటి తీస్తానన్నాను. జుట్టు సర్దుకుని, చీపురు పట్టుకునే నిలబడింది. ‘‘ఇక ఊడవనా మరి?’’ అనడిగింది. గుప్పెడు ఏరుకుని చేతిరుమాల్లో కట్టుకున్నాక సరేనన్నాను.

హైదరాబాద్ వచ్చాక ఫొటోలన్నీ టీవీకి కలిపి పెట్టాం. తురాయి అయిదో రేకు చూసి అమ్మ ‘‘అవును, ఉంటుంది’’ అంది, అంతే. తనకెప్పటి నుంచో తెలుసట! ఎండిన కాలువలో పిల్లల్ని చూసి, వాళ్లలో ఎవడు ఎవరి మనవడో కనిపెట్టాలని తెగ ప్రయత్నించింది. మల్లెల వరస చూసి ‘‘ఆఖరిది ఇంకా పూర్తిగా విచ్చలేదే. తొందరపడ్డావు’’ అని తేల్చేసింది. కరెంటు పోయింది అమ్మా అంటే వినదు.

పొగడపూల ఫొటో వచ్చింది. నేను చాలా గొప్పగా తీశాననుకున్నది. దాన్నో నిమిషం చూసి, తర్వాతది పెట్టమంది. చీపురుతో నిలబడ్డ పెద్దామె. అమ్మ ఫోనే అడిగి తీసుకుని, ఆ బొమ్మని రెండు వేళ్లతో పెద్దది చేసింది. ఆమె మొహం దాటించి, చీపురు దాటించి, వెనకనున్న అరుగు మూల దగ్గర ఆగింది. ‘‘ఇది ఇంకా అతికించలేదన్నమాట. నేనూ పిన్నీ ఇక్కడే కూర్చుని గుచ్చేవాళ్లం’’ అంది. ఆ అరుగుకి మూల పగిలి ఉందని నేను అక్కడ గంటసేపు కూర్చుని కూడా చూడలేదు.

అప్పుడు గుర్తొచ్చి చేతిరుమాలు విప్పాను. రైల్లో వాడిపోయి పూలన్నీ గోధుమ రంగుకి తిరిగాయి. వాసన మాత్రం ఎక్కడికీ పోలేదు. పొగడపువ్వు ఎండినా అంతే. అమ్మ రుమాలు ఒళ్లో పరుచుకుని ఒక్కోటీ ఏరి చూసింది. విరిగినవి పక్కన పెట్టింది.

‘‘దారం పట్టుకురా’’ అంది.

సూది వెతకబోతుంటే వెనక నుంచి కేకేసింది.

‘‘సూదెందుకే? కన్నం ఉందిగా!’’