గది, అల్పాహారం - అంతవరకే

ఆవిడ నా చేతిలోంచి ప్లేటు తీసేసుకుంది. "నువ్వు డబ్బు కట్టావు. వెళ్లి కూర్చో" అంది ఇంగ్లీషులో. ఆ గొంతులో కోపం లేదు, నవ్వూ లేదు. తిన్న ప్లేటు తీసుకెళ్లి కడగబోవడం నా దృష్టిలో మర్యాద. వంటింటి తలుపు మీద "ప్రైవేట్" అని రాసి ఉన్న చిన్న పలకని నేను చూడకపోలేదు. ఆ మాట ఆడవాళ్లకి వర్తించదులే అనుకున్నాను. ఏ ఇంటికి వెళ్లినా తిన్నగా వంటింట్లోకి వెళ్లి ఒక చెయ్యి వేస్తేనే ఆ ఇల్లు దగ్గరవుతుందని మనకి చిన్నప్పటి నుంచీ నేర్పారు కదా! మొహం చిన్నబుచ్చుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాను.

ఇది 2024 ఫిబ్రవరి సంగతి. నార్వే ఉత్తరపు కొసన, ఆర్కిటిక్ వలయానికి బాగా పైన, కారాషోక్ అనే చిన్న ఊరు. ట్రోమ్సోలో ఒక సదస్సుకి వెళ్లినదాన్ని, విమానంలో లక్సెల్వ్ దాకా, అక్కణ్ణించి మంచు రోడ్డు మీద గంటకి పైగా బస్సులో ప్రయాణం చేసి అక్కడికి చేరాను. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా దేశాల ఉత్తర భాగంలో పరుచుకుని ఉన్న సామీ ఆదివాసుల నేల అది. నార్వేలోని సామీ పార్లమెంటు 1989 నుంచి ఆ ఊళ్లోనే ఉంది. ఆ భవనంలోని గ్రంథాలయంలో సామీ రచయిత్రుల గురించి నాలుగు రోజులు చదువుకోవాలని నా ఆశ. హోటలు ఖర్చు భరించలేక, పైన మూడు గదులు అద్దెకిచ్చే ఒక ఇల్లు వెతుక్కున్నాను. "కుటుంబం నడిపే ఇల్లు, ఇంటి వాతావరణం" అన్న మాటలు నన్ను ఆకర్షించాయి.

1886లో మైనస్ 51.4 డిగ్రీలు నమోదైన ఊరది. నార్వేలో ఇప్పటికీ అదే రికార్డు. నేనున్నప్పుడు రాత్రిళ్లు మైనస్ ముప్ఫై దాకా దిగింది. కార్లకి కూడా రాత్రంతా కరెంటు తీగ తగిలించి ఇంజను వెచ్చగా ఉంచుతారు. నవంబరు చివర్లో కనుమరుగైన సూర్యుడు జనవరి సగంలో తిరిగొస్తాడు కాబట్టి నాకు రోజూ కొన్ని గంటల పలచని ఎండ దొరికింది. గుమ్మంలో చెప్పులు విప్పే అలవాటు మనలాగే ఉండటం చూసి సంతోషపడ్డాను. బ్రెడ్డు, ఉడికించిన గుడ్లు, ఊరబెట్టిన చేప, గోధుమరంగు ఛీజు, అడవిలో ఏరిన పళ్లతో చేసిన జామ్. వేడి కాఫీలో ఛీజు ముక్కలు వేసుకుని చెంచాతో తినడం ఆవిడే చూపించింది. ఆవిడని ఏమని పిలవాలో మాత్రం నాకు తెలియలేదు. అరవై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. పిన్నీ అనో అత్తా అనో అంటే అర్థం కాదు. నాలుగు రోజులూ ఏ పిలుపూ లేకుండానే గడిపేశాను.

అల్పాహారం ఏడు నుంచి తొమ్మిదిన్నర వరకు. పది నిమిషాలు ఆలస్యంగా దిగివచ్చిన ఒక అతిథికి కాఫీ మాత్రమే దొరికింది. "ఎంత కఠినం!" అనుకున్నాను. ఆ వెంటనే మా అమ్మ గుర్తొచ్చింది. ఆసుపత్రి పనుల మీదా, పరీక్షలకీ, పెళ్లి చూపులకీ ఊరినుంచి వచ్చే బంధువులతో మా ఇల్లు ఎప్పుడూ నిండుగా ఉండేది. వాళ్లెప్పుడు వస్తే అప్పుడు పొయ్యి వెలిగేది. అమ్మ అందరి తర్వాత అడుగూ బొడుగూ తినేది. "మీ ఇల్లు ధర్మసత్రం" అని అందరూ మెచ్చుకుని నాన్నకి దణ్ణం పెట్టేవారు. హోటల్లో తొమ్మిదిన్నరకి బల్ల ఎత్తేస్తే నేను కఠినం అనను, అది నియమం అంటాను. ఇంట్లో ఒక స్త్రీ అదే పని చేస్తే మాత్రం ఆమె మనసు గురించి తీర్పు చెప్పడానికి సిద్ధమైపోయాను. "ఇంటి వాతావరణం" కోసం నేను కట్టిన డబ్బులో వేళాపాళా లేని ఒక ఆడమనిషి కూడా వస్తుందని నాకు తెలియకుండానే ఆశించాను కాబోలు.

కుటుంబం నడిపే ఇల్లు అన్నమాట అబద్ధం కాదు. భర్త మంచు ఎత్తి దారి చేసేవాడు, గదులు ఊడ్చేవాడు. వారాంతంలో కోడలు వచ్చి దుప్పట్లు మార్చేది. కానీ ఉదయం ఐదింటికి కింద కుళాయి చప్పుడయ్యేది మాత్రం ఆవిడ చేతికిందే.

రెండో రోజు గ్రంథాలయంలో 1981 నాటి సంగతులు చదివాను. ఆల్టా నది మీద ఆనకట్టకి వ్యతిరేకంగా సామీలు పోరాడుతున్న రోజులవి. ఆ ఫిబ్రవరిలోనే గ్రో హార్లెమ్ బ్రుంట్‌లాండ్ నార్వేకి తొలి మహిళా ప్రధాని అయ్యారు. కొద్ది రోజులకే 14 మంది సామీ స్త్రీలు ఆమెతో మాట్లాడటానికి ఆమె కార్యాలయానికి వెళ్లి, సమాధానం తృప్తినివ్వక అక్కడే కూర్చుండిపోయారు. చివరికి పోలీసులు వాళ్లని బయటికి పంపేశారు. ఆనకట్ట 1987లో పూర్తయింది. అధికార పీఠంలో స్త్రీ ఉండటమూ, అట్టడుగున ఉన్న స్త్రీల గొంతు వినబడటమూ ఒకటి కాదని మనం దళిత, మైనారిటీ స్త్రీల రచనల ద్వారా నేర్చుకున్న పాఠమే, అక్కడి మంచులో మళ్లీ ఎదురైంది.

ఆ సాయంత్రం ఆ మాట ఎత్తితే, ఆవిడ తన సంగతి కొంత చెప్పింది. రెయిన్‌డీర్లని మేపే కుటుంబంలో పుట్టింది. సామీల ఆనవాయితీలో ఆడపిల్లకి కూడా సొంత జంతువులుంటాయి, వాటి చెవికి కత్తితో పెట్టే సొంత గుర్తు ఉంటుంది. పెళ్లయినా ఆ గుర్తు ఆమెదే. 1978లో వచ్చిన చట్టం మందలని యూనిట్లుగా నమోదు చెయ్యమంది. చాలా ఇళ్లలో నమోదైన పేరు మగవాడిదే. తోలు ఊనడం, బట్టలు కుట్టడం, మాంసం ఎండబెట్టడం, మందతో పాటు తిరిగే మనుషులకి వండిపెట్టడం ఆ లెక్కల్లోకి రాలేదు. నాకు మన పట్టాదారు పాసుపుస్తకాలు గుర్తొచ్చాయి. నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ ఆడవాళ్లు, రైతు మాత్రం మగవాడు. "అందుకే ఈ ఇంటి వ్యాపారం నా పేరు మీద పెట్టాను. ఇది కావాలంటే రాసుకో" అంది.

ఆ చనువుతో మూడో రోజు సెల్‌ఫోన్ బల్లమీద పెట్టి, ఆవిడ బడి రోజుల గురించి రికార్డు చేసుకోవచ్చా అని అడిగాను. ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టింది.

"నేను గది అమ్ముతాను. పొద్దున తిండి అమ్ముతాను. అది అమ్మను" అంది.

బడి గురించి పుస్తకాల్లో ఉన్నంత నాకు తెలుసు. పందొమ్మిదో శతాబ్దం నుంచీ సామీ పిల్లల్ని నార్వేజియన్లుగా మార్చే విధానం నడిచింది. సామీ భాషలో బోధనకి 1959 దాకా అనుమతి లేదు. చిన్నపిల్లల్ని ఇళ్లకి దూరంగా హాస్టళ్లలో ఉంచి చదివించారు. రాజు హారాల్డ్ 1997లో క్షమాపణ చెప్పారు. నిజనిర్ధారణ కమిషన్ 2023లో నివేదిక ఇచ్చింది. నేను వచ్చేసిన ఏడాదే నవంబరులో నార్వే పార్లమెంటు కూడా క్షమాపణ చెప్పింది. ఇవన్నీ ఎవరైనా చదవగలిగినవి. ఆ హాస్టల్లో ఏడేళ్ల పిల్లకి ఏం జరిగిందన్నది మాత్రం ఆవిడది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మొదట ఉక్రోషం. నేనూ స్త్రీనే కదా, వలస పాలన చూసిన దేశం నుంచి వచ్చినదాన్నే కదా, నన్నూ ఆ తెల్లజాతి పరిశోధకుల్లో కలిపేసిందా అని. తర్వాత వరంగల్ పల్లెలు కళ్లముందుకొచ్చాయి. నా పిహెచ్.డి. కోసం నాట్ల పాటలు సేకరిస్తూ రెండేళ్లు అక్కడ తిరిగాను. పొద్దంతా బురదలో వంగి వచ్చిన ఆడవాళ్లు, "ముందు ఇంత తిను బిడ్డా, పాట ఎటు పోతది" అంటూ తమ పళ్లెం నాకు పెట్టారు. ఒక్కరూ తలుపు మీద పలక పెట్టలేదు. పెట్టే హక్కు తమకుందని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. వద్దు అనగలిగినంత బలం ఉన్న మనిషి ఎదురయ్యే దాకా, నేను అడుగుతున్నది ఏమిటో నాకే తెలియలేదు.

చివరి రోజు ఆవిడ రశీదు ఇచ్చింది. గదికింత, అల్పాహారానికింత, కింద యజమాని అని ఆవిడ పేరు. "మళ్లీ రా, గది ముందుగా చెప్పు" అంది, అంతే.

హైదరాబాదు వచ్చాక నా సిద్ధాంత గ్రంథం తీశాను. కృతజ్ఞతల పేజీలో పర్యవేక్షకుల పేర్లు, గ్రంథాలయాల పేర్లు ఉన్నాయి. చివర "పాటలు పాడి వినిపించిన గ్రామీణ స్త్రీలందరికీ" అని ఒక వాక్యం. ఫీల్డు నోటుపుస్తకంలో పదకొండు పేర్లున్నాయి. ఆ గ్రంథం పుస్తకంగా రాబోతోంది కాబట్టి ఆ ఎండాకాలం మళ్లీ వెళ్లి, ఏ పాట ఎక్కడ వస్తుందో చదివి వినిపించాను. ఇద్దరు చనిపోయారు. ఎనిమిది మంది తమ పేరు వెయ్యమన్నారు. ఒకామె, బిడ్డ పోయినప్పటి పాట విని చాలాసేపు మాట్లాడలేదు. "అది వద్దు బిడ్డా, తీసెయ్యి" అంది.

నా గ్రంథంలో అందరూ మెచ్చుకున్న పాట అదే. మూడో అధ్యాయం దాని మీదే నిలబడింది. తీసేశాను. ఆ అధ్యాయం ఇప్పుడు పదహారు పేజీలు తగ్గింది. మళ్లీ రాస్తున్నాను.