మావారి చెప్పులు

మావారికి చెప్పులు కాళ్లకి నిలవవు. పెళ్లయిన కొత్తలో నూకాలమ్మ జాతరకి వెళ్తే ఆ జనంలో ఒక చెప్పు జారిపోయి, వెనక్కెళ్లి వెతుక్కొచ్చారు. నాకు ఒకటే నవ్వు. మామగారిదీ అదే నడకట. పాదాలు విల్లులా వంగి, పిక్కలు సన్నబడి ఉండేవట. వాతమన్నారు కొందరు, మేనరికం ఫలమన్నారు కొందరు.

రెండేళ్ల కిందట విశాఖలో నరాల డాక్టరుగారు మడమల మీద నడవమంటే ఈయన నడవలేకపోయారు. జన్యుపరీక్షలో పేరు తేలింది, షార్కో-మారీ-టూత్ అని. పంటి జబ్బేమో అనుకున్నా! కాదట, 1886లో దీన్ని గురించి రాసిన ముగ్గురు డాక్టర్ల పేర్లట. కరెంటు తీగకున్నట్టే నరానికీ తొడుగుంటుంది. ఆ తొడుగుకి సంబంధించిన పి.ఎం.పి.22 జన్యువు అందరికీ రెండుంటే ఈయనకి మూడున్నాయి. ఆ జన్యువున్న భాగం ఇలా అదనంగా ఉంటుందని 1991లో కనిపెట్టారు. మేనరికంతో పనిలేదు. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే చాలు, ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం.

మందు లేదా అంటే, విటమిన్ సి కథ చెప్పారు. ఎలుకలకి పనిచేసిందని ఇటలీ, ఇంగ్లండుల్లో మనుషులకి రెండేళ్లు ఇచ్చి చూశారట. లాభం లేదని 2011లో తేలింది. చిక్కేమిటంటే, మందు వేసుకోనివాళ్లకి కూడా రెండేళ్లలో జబ్బు ఏ కొంచెమో ముదురుతుంది. అంత నిదానమైనదాన్ని కొలిచేదెలా?

అరిసెలకి బెల్లప్పాకం పట్టేటప్పుడు మనం నీళ్లలో చుక్క వేసి చూస్తాం కదండీ, అలాంటి చుక్క కోసమే పరిశోధన. జన్యుపరీక్ష మూకుట్లో బెల్లం ఉందని చెప్తుందే గాని, పాకం ఎంతవరకు వచ్చిందో చెప్పదు. దెబ్బతిన్న నరంలోంచి న్యూరోఫిలమెంట్ అనే ప్రొటీను రక్తంలోకి వస్తుందట, దాన్ని కొలుస్తున్నారు. ఎమ్మారై తీసి పిక్క కండలో కొవ్వు ఎంత చేరిందో చూస్తే ఏడాదిలోనే తేడా తెలుస్తోందట. ఇది నాకు నమ్మకంగా తోచింది.

మా అమ్మాయికి ఇరవై ఒకటి. సంబంధాలొస్తున్నాయి. "పరీక్షా వద్దు, ఎవరికీ చెప్పావద్దు" అంటారు అత్తగారు. దాచి పెళ్లి చెయ్యడం నా వల్ల కాదన్నాను. ఇంట్లో వారం రోజులు మాటల్లేవు. పరీక్ష సంగతి మాత్రం అమ్మాయి ఇష్టానికే వదిలేశాం.

మొన్న నేను తన కాళ్లకేసి చూస్తుంటే పట్టేసింది. హాలంతా మడమల మీద నడిచి చూపించి, "చాలా అమ్మా?" అంది. కొందరికి పెద్దయ్యాక గాని బయటపడదని డాక్టరుగారన్న మాట దానికీ తెలుసు. "చాల్లే, అన్నానికి రా" అన్నాను.