గోడ మీద మోదుగ చెట్టు

మార్చి మొదటి వారంలో ఖమ్మం దాటి ఏ పల్లె దారి పట్టినా మోదుగ చెట్లు ఎదురవుతాయి. మచ్చుకైనా ఆకు ఉండదు. వంకర్లు తిరిగిన మాను, బూడిదరంగు కొమ్మలు, వాటి నిండా గుత్తులు గుత్తులుగా నారింజ ఎరుపు పూలు. మనకు వసంతం వచ్చిందని ముందుగా చెప్పేది ఆ చెట్టే. అదే వారం స్టేషనరీ దుకాణానికి వెళ్లి, చిన్నపిల్లల గది గోడకు అలంకరణ ఏదైనా ఇవ్వమని అడగండి. ఫోమ్ షీటులో కత్తిరించిన ట్యూలిప్ పూలు, గుండ్రటి పచ్చ చెట్టు ఉన్న ప్యాకెట్టు చేతిలో పెడతారు. ట్యూలిప్ అందమైన పువ్వే. అది నేలలోంచి లేచి పూయడం చూడాలంటే శ్రీనగర్ తోట లాంటి చోటికి వెళ్లాలి. నాలుగేళ్ల పిల్లకు తన ఊరి వసంతమే తన గోడ మీదికి రావాలని నా పట్టుదల.

అందుకే ఏటా హోళీ దగ్గరపడగానే మా వీధి పిల్లలను పోగేస్తాను. మూడేళ్లవాళ్ల నుంచి ఏడేళ్లవాళ్ల దాకా వస్తారు. మా వరండా గోడ వాళ్లకు రాసిచ్చేశాను. నేల దగ్గర మొదలై మూడడుగుల ఎత్తున ఆగిపోతుంది వాళ్ల గోడ. చాలా బళ్లలోనూ ఇళ్లలోనూ పిల్లల బొమ్మలను పెద్దవాళ్ల కంటికి ఆనేంత ఎత్తున అంటిస్తారు. చేసిన పిల్లవాడు మెడ ఎత్తి, ఎవరిదో చూసినట్టు చూసి వెళ్లిపోతాడు. కింద అంటిస్తే చిరుగుతుందంటారు. చిరగనివ్వండి. వస్తూ పోతూ వేలితో తడిమి ‘ఇది నేను చేసిందే’ అనుకోవడం కోసమే కదా అదంతా!

చెట్టు చూడకుండా కాగితం ముట్టనివ్వను. రంగులు చేతికిచ్చి చెట్టు వేయమంటే దాదాపు ప్రతి పిల్లా మానుకు మట్టిరంగు, పైన పచ్చరంగు వేసేస్తుంది. అలా వేయాలని ఆ పిల్లకు ముందే ఎవరో నేర్పారు. పిల్లల బొమ్మల మీద ఏళ్ల తరబడి పనిచేసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వచ్చిన తన ‘క్రియేటివ్ అండ్ మెంటల్ గ్రోత్’లో రంగులు నింపే పుస్తకాలను గట్టిగా వ్యతిరేకించాడు. పెద్దవాళ్లు గీసిన గీతల మధ్య రంగు పూయడం అలవాటైతే సొంత గీత మీద నమ్మకం పోతుందని ఆయన వాదన. నేను చూసినంతలో గీతతోపాటు రంగు మీద నమ్మకం కూడా పోతుంది. కళ్లెదుట ఆకు ఎర్రగా ఉన్నా చెయ్యి పచ్చ క్రేయాను కోసమే వెతుకుతుంది.

ఆ అలవాటు వదిలించడానికి వసంతాన్ని మించిన అదను లేదు. మామిడి కొత్తాకు రాగిరంగులో, ఇంకా గట్టిపడక, మెత్తగా వేలాడుతూ ఉంటుంది. రావి చిగురు గులాబీ డాలు కొడుతుంది. వేప చిగురు ఎరుపు. కానుగ మాత్రం నిగనిగలాడే లేతపచ్చ. లేతాకులో పత్రహరితం నిండకముందు ఆంథోసయనిన్ అనే ఎర్రటి పదార్థం ఉండటం వల్ల ఆ ఎరుపు ఛాయలొస్తాయి. పిల్లలకు ఆ పేరు చెప్పను, వాళ్లకు ఆకు చాలు.

“అత్తా, ఇదేంటి ఎర్రగుంది? పండిపోయిందా?” అని అడిగింది ఒక ఐదేళ్ల పిల్ల, మామిడి చిగురు పట్టుకుని.

“పండిందో, ఇప్పుడే పుట్టిందో నువ్వే చెప్పు” అని కిందపడ్డ పండుటాకు ఒకటి ఏరి ఇచ్చాను. రెండింటినీ చెరో చెంపకూ ఆనించుకుంది. కాసేపు ఆలోచించి, “ఇది చిన్నపాప, అది తాత” అంది. ఇక ఆ పిల్లకు చిగురు రంగు నేను చెప్పక్కర్లేకపోయింది.

ఆకులు చూశాక వాటితో అచ్చులు వేస్తాం. ఆకు అచ్చుకు జామాకును మించింది లేదు. అడుగువైపు ఈనెలు ఉబ్బెత్తుగా ఉంటాయి, అచ్చులో ఒక్కొక్కటీ తేలుతుంది. కాగితం కోసం పాత పెళ్లిపత్రికలు దాచిపెడతాను. దళసరిగా ఉంటాయి, వెనకవైపు ఖాళీ. రంగు చిక్కగా ఉండాలి. పలచనైతే ఈనెల సందుల్లోకి పారి ముద్దయిపోతుంది. పాత టూత్‌బ్రష్‌తో ఆకు అడుగువైపు రంగు పూసి, ఆ వైపు కాగితానికి తగిలేలా బోర్లించి, పైన వార్తాపత్రిక ముక్క కప్పి, అరచేత్తో నొక్కాలి. రుద్దితే ఆకు జరిగిపోతుంది. మూడేళ్లవాడికి ఇందులో కష్టమైన పని ఆగడం. నొక్కీ నొక్కకముందే అంచు లేపి చూస్తాడు. అందుకే చేతి మీద చెయ్యి వేసి పది దాకా లెక్కపెడతాం. తీరా ఎత్తితే మొదటి అచ్చు మసకమసకగా వస్తుంది. రంగు మళ్లీ పూయకుండా అదే ఆకును ఇంకో పెళ్లిపత్రిక మీద వేస్తే నడిమి ఈనె, పక్క ఈనెలు, వాటి మధ్య సన్నటి వల అంతా దిగుతుంది. ఆ రెండో అచ్చు చూసినప్పుడు వాడి నోట మాట ఉండదు. వెంటనే ఇంకో ఆకు కోసం పరుగెత్తుతాడు.

రంగుల్లోనూ కొన్ని మేమే చేసుకుంటాం. రాలిన మోదుగపూలను మరిగించి చల్లారిస్తే పసుపు నారింజ రంగు నీళ్లు దిగుతాయి. మా వైపు హోళీకి పెద్దలు చల్లుకున్న రంగు అదే. కాగితం మీద లేతగా పడుతుంది కాబట్టి ఆరాక మళ్లీ మళ్లీ పూయాలి. పసుపు కలిపిన నీళ్లతో బొమ్మ వేసి, ఆరీ ఆరకముందే సబ్బునీటి చుక్క వేస్తే అక్కడికక్కడ ఎర్రబడుతుంది. పప్పు మరక పడ్డ బడి చొక్కాకు సబ్బు రాసినప్పుడు ఏమవుతుందో ప్రతి ఇంట్లో చూసిందే, అయినా పిల్లలు కేకలు పెడతారు. సున్నం వేస్తే ఎరుపు ఇంకా బాగా వస్తుంది గానీ అది చర్మాన్నీ కళ్లనీ కాలుస్తుంది, ఈ వయసుకు వద్దు. పసుపు బొమ్మలను ఎండ తగలని చోట అంటించాలి, లేకపోతే వెలిసిపోతాయి.

జిగురు ఇంట్లో ఉడికించిన మైదాతోనే. పుస్తకాలు కుట్టేవాళ్లు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం, నోట్లో వేళ్లు పెట్టుకునే పిల్లల దగ్గరికి రానీయకూడదు. ఆకుల విషయంలో నేను ఇంతకన్నా కఠినంగా ఉంటాను. గన్నేరు, పచ్చగన్నేరు ఎంత ముచ్చటగా పూసినా తాకనివ్వను, చెట్టంతా విషమే. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలతో బయల్దేరే ముందు ఈ మూడింటినీ దూరం నుంచి చూపించి పేర్లు చెప్పిస్తాను.

ఇక గోడ మీది చెట్టు. గోనెసంచి చీలికలతో మాను, పురికొసతో కొమ్మలు. పూల పని చిన్నవాళ్లది. మూడేళ్లవాళ్లకు కత్తెర ఇవ్వను, కాగితం చింపమంటాను. చింపిన అంచు వంపులు తిరుగుతుంది, మోదుగ రేక వంపు దానంతటదే వచ్చేస్తుంది. వేళ్లకూ బలం. ఓసారి గోడంతా నారింజ రేకలు నిండాక ఒకడు కదలకుండా నిలబడి, “అత్తా, పువ్వుకు టోపీ పెట్టలేదు” అన్నాడు. నిజమే. మోదుగ పువ్వు అడుగున ముదురు రంగు, ముఖమల్ లాంటి నూగుతో ఒక గిన్నె ఉంటుంది. దూరం నుంచి ఎర్రగా మండే చెట్టులో ఆ నలుపే ఎరుపును అంతగా ఎత్తి చూపుతుంది. అది వాడి కంటికి ఆనింది. బొగ్గుముక్క తెచ్చి ప్రతి పువ్వుకూ ఒక్కో నల్ల మచ్చ పెట్టాడు. ఆ సాయంత్రం గోడ మీద చెట్టు చెట్టయింది.

సవర ఆదివాసీల పల్లెల్లో ఎర్రమట్టి పూసిన గోడల మీద బియ్యప్పిండితో వేసే బొమ్మల ఫొటోలు పిల్లలకు చూపించాను. చెట్టు, పక్షులు, వరసలు కట్టిన మనుషులు అన్నీ ఒకే గోడ మీద కలిసి ఉంటాయి. అవి పూజ కోసం వేసేవి, వాటిని దించుకోమని చెప్పలేదు. కానీ చూశాక మా గోడ చెట్టు కిందికీ మనుషులు వచ్చి చేరారు. ఒక పిల్ల మోదుగాకుల విస్తర్లు కుట్టే వాళ్ల నాయనమ్మను కూర్చోబెట్టింది. చేతిలో నిజం చీపురుపుల్ల అంటించింది.

ఉగాదికి వేపపూత దండ వేలాడదీశాం, రెండు రోజులకే రాలిపోయింది. మామిడి చిగుళ్లను మాత్రం రాగిరంగులో వేసి ఉంచాం. ఏప్రిల్‌లో ఒకనాడు ఇద్దరు పిల్లలు గేటు దగ్గర నుంచే అరుస్తూ వచ్చారు: “అత్తా, బయటి ఆకులు పచ్చబడ్డయ్, మనవి మార్చాలి!” పచ్చరంగు తీసుకుని రాగి మీదే పూశారు. పూర్తిగా కప్పనివ్వలేదు, ఈనెల దగ్గర పాత ఎరుపు కొంచెం ఉంచారు. చెట్టు మీద కూడా అలాగే ఉందట.

ఇప్పుడు వేసవి సెలవులు. మోదుగకు పూలు పోయి కాయలు దిగాయి. చదునుగా వేలాడే కాయ, చివర ఒక్కటే గింజ. సంచీ నిండా ఏరుకొచ్చి వరండాలో కుమ్మరించారు. గోడ మీద చోటు లేదని అంటే, పక్క గోడ కూడా కావాలంటున్నారు. అక్కడ చెప్పుల స్టాండు ఉంది, రేపు దాన్ని జరపాలి.