శామీర్‌పేట జింకలు హ్యాపీగానే ఉన్నాయా?

మేడ్చల్‌లో ఓఆర్‌ఆర్ ఎక్కితే తర్వాతి ఎగ్జిట్టే శామీర్‌పేట. దిగి రాజీవ్ రహదారి పట్టుకుంటే పెద్ద చెరువు, ఆ దగ్గర్లోనే జవహర్ జింకల పార్కు. చుక్కల జింకలు, కృష్ణజింకలు, నెమళ్లు. జింక కనబడగానే ఫోన్ తీస్తాం. రెండు ఫొటోలు, ఒక రీల్. ‘ఎంత హాయిగా ఉన్నాయో’ అనేసి ముందుకెళ్లిపోతాం.

హాయిగా ఉన్నాయని మనకెలా తెలుసు?

జూలలో గొరిల్లాల గురించి ఇదే ప్రశ్న వేసుకుని పద్ధతిగా జవాబు వెతుకుతారు. తినడం, పడుకోవడం, తిరగడం, వెంట్రుకలు పీక్కోవడం... ముందు అది చేసే పనుల లిస్టు రాసుకుంటారు. తర్వాత కూర్చుని, నిమిషానికోసారి చూసి, ఆ క్షణంలో ఏం చేస్తోందో టిక్ పెడతారు. జీన్ ఆల్ట్‌మన్ 1974లో రాసిన పేపర్ ఇలాంటి పరిశీలనకి పునాది. మా ఐటీ వాళ్లకి చెప్పాలంటే ఇది సర్వర్ లాగ్ లాంటిది. ఒక్క స్క్రీన్‌షాట్ చూసి సిస్టమ్ బాగుందని ఎవరూ చెప్పరు కదా!

అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్ జూలో గొరిల్లాలు తిన్నది కక్కుకుని మళ్లీ తినేవి. బిస్కెట్ల మేత మానేసి ఆకుకూరలు, కొమ్మలు పెట్టారు. ఆ అలవాటు పోయింది. రోజులో ఎక్కువసేపు తింటూ గడపడం మొదలెట్టాయి. మన మైసూరు జూలో పోలో అనే మగ గొరిల్లా ఏళ్ల తరబడి తోడు లేకుండా బతికి 2014లో చనిపోయింది. 2021లో జర్మనీ నుంచి రెండింటిని తెచ్చారు, థాబో, డెంబా అని. గుంపుగా బతికే జంతువుకి తోడు కూడా తిండి లాంటిదే మరి.

జింకల లిస్టు వేరే. గొరిల్లా కక్కుకుని తింటే తేడా ఉన్నట్టు, జింక కూర్చుని నెమరేస్తే నిమ్మళంగా ఉన్నట్టు. చెవులు నిక్కబొడిచి, తోక ఎత్తి, ముందుకాలు నేలకేసి కొడుతోందంటే భయపడింది. కంచె పక్కన ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటే ఆలోచించాల్సిందే.

తమాషా ఏంటంటే, నెమరేసే జింక రీల్‌కి బోరింగ్. చెయ్యి చాపగానే కంచె దాకా వచ్చేదే క్యూట్. కానీ అది మనుషులు పెట్టే చిప్స్‌కి అలవాటుపడి ఉండొచ్చు. గడ్డి అరిగించుకునే పొట్టలో పిండిపదార్థం ఎక్కువ పడితే పులిసిపోతుంది. ప్లాస్టిక్ కవర్ మింగితే ప్రాణమే పోవచ్చు. పైగా జింక మన తెలంగాణ రాష్ట్ర జంతువు!

అత్తాపూర్‌లో సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ ఉంది. అక్కడ జంతువుల పేడలోంచే ఒత్తిడి హార్మోన్లు కొలుస్తారు. మన దగ్గర ల్యాబ్ లేకపోయినా నోట్స్ యాప్ ఉంది. ఒక జింకని ఎంచుకుని, దూరంగా కూర్చుని, 20 నిమిషాలు టిక్కులు పెట్టండి. ఒక్కసారికే తీర్పు చెప్పేయొద్దు. ఆదివారం ఒకసారి, జనం లేని మామూలు రోజు పొద్దున్నే ఒకసారి వెళ్లి, రెండు లిస్టులూ పక్కపక్కన పెట్టి చూడండి.