ఒక్క మూకుటిలో రొయ్యల అన్నము

సాయంకాలము ఆరుగంటలు దాటిన పిమ్మట ఇల్లు చేరి, ఎనిమిది గంటలకెల్ల నలుగురికి విస్తళ్ళు వేయవలసిన స్త్రీ తొందర యెట్టిదో మీలో పెక్కుమంది యెరుగుదురు. అట్టివారికి పనికివచ్చునను తలంపుతో, మా యింట వారమునకు రెండుమారులు నేను చేయు రొయ్యల అన్నమును గూర్చి వ్రాయబూనితిని. అది యొక్క మూకుటిలో, 35 నిమిషములలో అగును. కాని ఆ 35 నిమిషముల పని నేర్చుటకు నాకు 14 సంవత్సరములు పట్టినది.

నా పుట్టినిల్లు అనంతపురము జిల్లాలో నొక పల్లె. మా వైపు సముద్రము లేదు. చెరువు నిండిన యేడు చేపలు, పండుగనాడు పొట్టేలు మాంసము. మాకు తెలిసినది అంతియే. రొయ్య యనుదానిని పెండ్లియైన పిమ్మటనే కన్నులార చూచితిని. అత్తవారిల్లు కాకినాడ. 2005లో కాపురమునకు వచ్చిన మొదటి వారముననే, మా అత్తగారు పెరటిలో పీట వేసికొని బుట్టెడు రొయ్యలు ఒలుచుచుండగా, నేనును దగ్గర కూర్చుండి యొకటి చేతిలోనికి తీసికొంటిని. తల విరుచుట తెలియక నలిపివేసితిని. "నీవల్ల కాదులే అమ్మాయీ, లే" అనిరి. కోపముతో అన్నమాట కాదు. ఆమెకు అది పని తెమలుటకు అన్నమాట. అయినను ఆ మాటతో నేను లేచితిని. మరల ఆ పీట దరికి పోలేదు. కూరగాయల వంట నాది, నీచు వంట ఆమెది అని ఎవరును చెప్పకయే ఏర్పాటైపోయినది.

2019 వర్షాకాలమున మా అత్తగారు పెరటి గట్టుమీద జారిపడిరి. తుంటి యెముక విరిగినది. శస్త్రచికిత్స జరిగినది, వాకరు పట్టుకొని గదిలో నాలుగడుగులు వేయుట తప్ప పొయ్యి దగ్గర నిలుచుట యిక లేదని తేలినది. వంటయిల్లు నా చేతికి వచ్చినది. నేను ఊరికి 20 కిలోమీటర్ల దూరమున నొక ఉన్నత పాఠశాలలో గణితము చెప్పుదును. ఉదయము ఏడున్నరకు బస్సెక్కిన మరల ఆరుంబావునకు గాని గుమ్మము త్రొక్కను. మా వారు ఎనిమిదింటికి వత్తురు. మా అమ్మాయికి అప్పుడు పదియేండ్లు.

ఏమి చేయుదును? సందు మొదట కర్రీ పాయింటు కలదు. పప్పొక పొట్లము, వేపుడొక పొట్లము, పులుసొక పొట్లము తెచ్చి, కుక్కరులో అన్నము పడవేయుట మొదలుపెట్టితిని. దానిని నేను తప్పుపట్టను. ఆ నాలుగు నెలలు మా సంసారమును నిలిపినది ఆ దుకాణమే. మా అత్తగారు మాత్రము ఆ కూరలను ముట్టినట్లే ముట్టి, పెరుగన్నము రెండు ముద్దలు తిని లేచెడివారు. నేను గమనింపలేదు. ఆస్పత్రిలో తూకము చూచినప్పుడు తెలిసినది: 54 కిలోలుండెడి మనిషి 46 కిలోలకు దిగినారు. ఎముక అతుకుకొనవలెనన్న మాంసకృత్తులు తినవలెనని వైద్యుడు గట్టిగా చెప్పెను.

ఆ రాత్రి "ఏం తినాలనుంది అత్తయ్యగారూ?" అని అడిగితిని. చాలసేపు మాటాడలేదు. పిమ్మట గోడవైపు చూచుచు, "రొయ్య ఉడకడానికి ఎంతసేపమ్మా? దానిక్కూడా తీరిక లేకపోయె" అనిరి.

ఆ మాట నాకు ముల్లువలె గ్రుచ్చుకొన్నది. పదునాలుగేండ్లు నన్ను దరికి రానీయని పనిని, తీరికలేక చేయుటలేదని అనుచున్నారే యని! మరునాడే, పంతమునకు, బస్సు దిగిన చోటనే ఒలిచిన రొయ్యలు కొని తెచ్చి, బియ్యము, ఉల్లిపాయలు, మసాలా అన్నియు ఒక్కసారే కుక్కరులో వేసి మూడు ఈలలు రానిచ్చితిని. మూత తీసిన సువాసన బాగుగనే యున్నది. రొయ్యలు మాత్రము చింతగింజలైనవి. మా అత్తగారికి పెట్టుడు పండ్లు. ఒక రొయ్యను చాలసేపు అటునిటు త్రిప్పి, త్రిప్పి, చివరకు వ్రేళ్ళతో తీసి పళ్ళెము అంచున పెట్టిరి. ఏమియు అనలేదు. అనియున్న బాగుండెడిది. నేను పెరటిలోనికి పోయి గిన్నెలు తోముచు ఏడ్చితిని.

అంట్లు ముగించి వచ్చుసరికి ఆమె మంచముమీద కూర్చుండియే యుండిరి. "నీకు రొయ్య వండడం రాదని నాకు తెలీదమ్మా. వచ్చీ చెయ్యట్లేదనుకున్నాను" అనిరి.

"మీరు నన్నెప్పుడు రానిచ్చారండీ?"

"నువ్వెప్పుడు అడిగావు?"

ఇద్దరమును నవ్వలేదు. కాని ఆ ఆదివారము మా వారు మంచమును జరిపి వంటింటి గుమ్మమున కెదురుగా వేసిరి. రేవునుండి రెండు కిలోల రొయ్యలు వచ్చినవి. నేను క్రింద పీటమీద, ఆమె మంచముమీద.

మొదటి పాఠము కొనుటలో. తల మొండెమునకు గట్టిగా అంటియుండవలెను, పెంకు మెరయవలెను, ముక్కుకు ఘాటుగా తగులు వాసన యున్నచో చవుకగా వచ్చినను తాకరాదు. కౌంటు అనగా కిలోకు ఎన్ని తూగునో ఆ లెక్క. 30 కౌంటు పెద్దవి, 60 కౌంటు చిన్నవి. మా అన్నమునకు 50, 60 కౌంటువే మేలు; ముద్దకొకటి వచ్చును. ఇప్పుడు చెరువులలో పెంచునది చాలవరకు వనామి జాతి. మన దేశమున దాని పెంపకమునకు 2009లో అనుమతి వచ్చినది. "దానికి సముద్రపు రొయ్య రుచి ఎక్కడిదీ" అని మా అత్తగారు ఇప్పటికిని పెదవి విరుతురు. అయితే ఏటేటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మన తూర్పు తీరమున మరపడవల వేట నిషేధము. అది చేపలు గ్రుడ్లు పెట్టుకాలము. ఆ రెండు నెలలు వనామి లేకున్న మాబోటి వారికి గతి లేదు. ఆమెయు అప్పుడు మారుమాట లేకుండ తినుదురు.

కిలో రొయ్య ఒలిచిన అరకిలోకు కొంచెము పైన మిగులును. వీపున చీల్చి నల్లని దారమును లాగివేయవలెను. దానిని నరమందుము గాని అది నిజమునకు ప్రేగు. కడిగిన పిమ్మట అరకిలో చొప్పున సంచులలో పలుచగా పరచి, ఫ్రిజ్జులో గడ్డకట్టు అరలో పెట్టుదును. వంటనాడు ఉదయము బయలుదేరుటకు ముందు ఒక సంచిని క్రింది అరలోనికి దింపుదును, సాయంకాలమునకు కరగియుండును. మన ఎండలలో దానిని పగలెల్ల గట్టుమీద వదలుట విషమును కొనితెచ్చుకొనుటయే. మరచినదినమున, సంచి మూతి బిగించి చల్లని నీళ్ళలో అరగంట ముంచిన చాలును. కరగినదానిని మరల గడ్డకట్టింపరాదు.

ఇక ఆమె యిగురు పద్ధతి వినుడు. మూకుటిలో రొయ్యలు, ఉప్పు, పసుపు మాత్రమే వేసి పొయ్యిమీద పెట్టుదురు. చుక్క నీరు పోయకయే రొయ్య తన నీరు తాను విడుచును. ఆ నీరంతయు ఇగిరిన పిమ్మట నూనె, ఉల్లి, కారము. నేను గడియారము చూచి లెక్క వేసితిని. రొయ్య రెండు మూడు నిమిషములలోనే ఎఱ్ఱబారి ఉడికినది. నీరు ఇగురుటకు మరి ఎనిమిది నిమిషములు, ఉల్లితో వేగుటకు మరి పది. మాంసమును ఎంత ఉడికించిన అంత మెత్తబడును, ఏలయన దానిలోని గట్టి బంధములు నిదానముగా కరగును. రొయ్యలో అట్టివి స్వల్పము. వేడి హెచ్చినకొలది కండ ముడుచుకొని, లోపలి నీరు పిండివేయబడి, గట్టిపడును. ఆమెకు నలువదియేండ్లు సొంత పండ్లుండెను గనుక ఆ యిగురు రుచించినది. ఇప్పుడు తన వంటనే తాను నమలలేరు! ఈ మాట చెప్పుటకు నాకు నోరు రాలేదు. "అత్తయ్యగారూ, ఉడకగానే రొయ్యల్ని తీసి పక్కన పెట్టి, ఆ నీళ్ళతో అన్నం వండితే?" అని మాత్రము అంటిని.

"అన్నం అన్నమే, ఇగురు ఇగురే. నీచునీళ్ళతో అన్నమేమిటి?" అని ఆమె చాలసేపు వాదించిరి. చివరకు, "ఆ నీళ్ళలోనే ఉందమ్మా సగం రుచి. పారబోయనంటే నీ ఇష్టం" అనిరి.

పద్ధతి ఇది. ఇల్లు చేరగానే, చీర మార్చుకొనుటకు ముందే, రెండు గ్లాసుల బియ్యము కడిగి నానబోయుదును. అడుగు మందమైన వెడల్పు మూకుటిలో అరకిలో రొయ్యలు, చెంచాడు ఉప్పు, పావు చెంచా పసుపు, అరచెంచా కారము వేసి మధ్యరకపు మంటమీద మూతపెట్టుదును. రెండు నిమిషములకు మూత తీసి చూడవలెను. ఇచ్చట మా అత్తగారి మాట ఒకటి నూరు గడియారముల పెట్టు: రొయ్య నెలవంకవలె వంగిన ఉడికినట్లు, సున్న చుట్టుకొన్న చెడినట్లు. నెలవంకకు కొంచెము ముందే, ఇంకను నడుమ కొద్దిగా గాజురంగు మిగిలియుండగనే, రొయ్యలను పళ్ళెములోనికి తీసి, నీటిని గ్లాసులోనికి వంచుకొందును. అరగ్లాసు వచ్చును.

అదే మూకుటిలో రెండు గరిటెల నూనె, నాలుగు లవంగములు, చిన్న దాల్చినచెక్క, సన్నగా తరిగిన పెద్ద ఉల్లిపాయలు రెండు, చీల్చిన పచ్చిమిరపకాయలు నాలుగు. ఉల్లి బంగారువన్నెకు రావలెను. ఇచ్చట తొందరపడిన వంట చప్పబడును. పిమ్మట అల్లము వెల్లుల్లి ముద్ద చెంచాడు, ఒక టమాట, గుప్పెడు పుదీన. మామిడికాయల కాలమున టమాటకు మారు పుల్లని ముక్కలు నాలుగు వేయుదును. అదియే నాకు మిక్కిలి ప్రియము. బియ్యము వంచి వేసి ఒక్క నిమిషము కలియబెట్టి, రొయ్యల నీటినికూడ లెక్కలో చేర్చుకొని మొత్తము మూడున్నర గ్లాసుల నీరు పోయుదును. ఉప్పు చూచి వేయవలెను, రొయ్యల నీటిలో ముందే కొంత యున్నది. తెర్లిన పిమ్మట సన్నని సెగ, మూత, పదునైదు నిమిషములు. ఈలోపల అమ్మాయి లెక్కలు చూచుటయో, ఉల్లి నిమ్మకాయ కోయుటయో అగును. నీరు ఇగిరినంతనే రొయ్యలను పైన పరచి, మరల మూత వేసి, మూడు నిమిషములకు పొయ్యి ఆర్పి, అయిదు నిమిషములు కదలింపక వదలుదును. ఆ వేడిచేతనే మిగిలిన పచ్చి పోవును. వడ్డించునప్పుడు ఒకటి విరిచి చూచిన మంచిది. నడుమ గాజువలె నున్నచో ఇంకొక రెండు నిమిషములు. తోమవలసినది ఒక మూకుడు, ఒక పళ్ళెము.

ఈ పూట మా అత్తగారు పెరుగు ముట్టరు. చేపతో పాలు విరుద్ధమని ఆయుర్వేద గ్రంథములలో నున్నది. ఆమె దానిని రొయ్యకును పెరుగుకును విస్తరించుకొన్నారు. నేను వాదింపను. కాని రొయ్య సరిపడనివారు నిజముగనే యుందురు. మా ప్రక్కయింటి పిల్లవానికి రెండు రొయ్యలకే పెదవులు వాచినవి. అతిథికి వడ్డించుటకు ముందు అడుగుట మరువకుడు.

మొదటినాడు ఆమె రొయ్యను నోట పెట్టుకొనగా నేను చేతిలో గరిటెతో అట్లే నిలుచుంటిని. నమలిరి. మ్రింగిరి. "అన్నానికి ఇంకాస్త నిమ్మరసం పడాలి" అనిరి. రెండవమారు పెట్టించుకొనిరి. 100 గ్రాముల రొయ్యలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులుండునని నేను పుస్తకమున చదివి సంతసించితిని. ఉగాదికి తూకము 50 కిలోలు చూపినది.

ఒకనాడు మా బస్సు నడిదారిలో నిలిచిపోయినది. ఇల్లు చేరుసరికి ఏడుముప్పావు. ఆ పూట మరల కర్రీ పాయింటే యనుకొనుచు చెప్పులు విడిచితిని. వంటింట దీపము వెలుగుచున్నది. మా అత్తగారు వాకరును ప్రక్కన పెట్టుకొని ఎత్తుపీటమీద కూర్చుండిరి. మా అమ్మాయి పొయ్యి దగ్గర నిలిచి, నాయనమ్మ చెప్పినట్లు ఉల్లిపాయలు వేయించుచున్నది. బియ్యము నానియున్నది. రొయ్యలు పళ్ళెములో, అన్నియు నెలవంకలే.

మా అత్తగారు గట్టుమీది గ్లాసును నావైపు జరిపి, దానిమీది మూత తీసి చూపిరి.

"నీ నీళ్ళు దాచానమ్మా."