గుమ్మం దగ్గర ఆగిన దేశం

ఏ కూటమిలోనూ చేరరాదన్న పాఠం బడిలోనే వల్లె వేసినవాళ్ళం మనం. అందుచేత ఒక చిన్న దేశం, "మమ్మల్ని కూడా మీ సైనిక కూటమిలో చేర్చుకోండి బాబూ" అని ప్రాధేయపడిందంటే మనకు కొంచెం విడ్డూరంగానే ఉంటుంది. నాకూ ఉండేది. స్లొవేకియా కథ తెలిశాక ఆ విడ్డూరం పోయింది గాని, దాని చోట మరొక సందేహం వచ్చి కూచున్నది.

1968 ఆగస్టు 20 రాత్రి వార్సా ఒడంబడిక సేనలు చెకొస్లొవేకియాలోకి దిగిన సంగతి పెద్దవాళ్ళు ఎరుగుదురు. తమను కాపాడవలసిన కూటమే తమ ఇంటిమీద పడిందన్నమాట! ఆ దాడిని మన ప్రభుత్వం ఖండించలేదని అశోక్ మెహతా కేంద్రమంత్రి పదవికి రాజీనామా ఇచ్చారు. ఆ కూటమి చివరికి 1991 జులై 1న ప్రాగ్ నగరంలోనే రద్దయింది. 1993 జనవరి 1న చెక్కులూ స్లొవాక్కులూ అన్నదమ్ముల్లా వేరుపడ్డారు. నెత్తురుచుక్క రాలలేదు.

వేరుపడిన స్లొవేకియాకు పెత్తనం వహించినవాడు వ్లాదిమీర్ మేచియార్. మాటకారి. పల్లెల్లో అతని పేరు చెబితే ప్రాణమిచ్చేవారు. దేశాధ్యక్షుడు కొవాచ్‌కూ అతనికీ పడేది కాదు. 1995 ఆగస్టులో ఏం జరిగిందో చూడండి: అధ్యక్షుడి కొడుకును ఎవరో ఎత్తుకుపోయి, సరిహద్దు దాటించి, ఆస్ట్రియాలో వదిలిపెట్టారు. అనుమానం ప్రభుత్వ గూఢచారి శాఖ మీదికే పోయింది. 1998లో కొవాచ్ పదవీకాలం ముగిసి, ఆయన అధికారాలు కొన్ని చేతికి రాగానే మేచియార్ ఆ కేసుకు క్షమాభిక్ష పెట్టేశాడు. ఆ క్షమాభిక్షను పార్లమెంటు రద్దు చేయడానికి 2017 దాకా పట్టింది.

ఇలాంటి ఇంటికి పిలుపు ఎవరు పంపుతారు? 1997 జులైలో మాడ్రిడ్‌లో నాటో పెద్దలు పోలెండునూ, హంగరీనీ, చెక్కులనూ రమ్మన్నారు. స్లొవేకియాను గుమ్మంలోనే ఆపేశారు. అంతకు రెండు నెలల ముందు అక్కడ నాటో మీద ప్రజాభిప్రాయం అడిగారు. అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకోవాలా అన్న ప్రశ్న కూడా అందులో ఉండవలసింది. ప్రభుత్వం ఆ ప్రశ్న లేకుండానే కాగితాలు అచ్చువేయించింది. ఓటుకు వచ్చినవాళ్ళు నూటికి పదిమంది కూడా లేరు.

మరి ఏడాది తిరగగానే, 1998 సెప్టెంబరు ఎన్నికల్లో, నూటికి 84 మంది వచ్చారు! మేచియార్ పార్టీకే 43 స్థానాలతో మొదటి స్థానం దక్కింది. కాని చేయి కలిపేవాడు దొరకలేదు. నాలుగు ప్రతిపక్షాలు ఏకమై 150కి 93 స్థానాలతో మికులాష్ జురిందాను ప్రధానిని చేశాయి. అందులో ఒకటి అక్కడి హంగేరియన్ మైనారిటీల పార్టీ. 2004 మార్చి 29న స్లొవేకియా నాటోలో చేరింది.

మూసిన తలుపే బుద్ధి చెప్పిందని కొందరు పండితులు రాస్తారు. నాకు పూర్తిగా నమ్మకం లేదు. పక్కింటివాళ్ళకు పిలుపు వచ్చి మనకు రాకపోతే చిన్నతనంగా ఉంటుంది, నిజమే. ప్రతిపక్షాల చేతికి అదొక ఆయుధమైంది. కాని ఓటుకు నడిచి వెళ్ళిన ముసలమ్మ బ్రస్సెల్స్ మాట తలుచుకుని వెళ్ళిందా? తన దేశంలో అధ్యక్షుడి బిడ్డకే దిక్కులేకపోతే తన బిడ్డల గతేమిటనుకుని వెళ్ళి ఉంటుందని నా ఊహ.

నా సందేహం హంగరీని చూసి పుట్టింది. 1999 మార్చి 12న హంగరీ నాటోలో చేరినప్పుడు ప్రధాని విక్టర్ ఓర్బాన్. అప్పట్లో ఆయన ప్రజాస్వామ్యానికి ముద్దుబిడ్డ. 2010లో మళ్ళీ గద్దె ఎక్కాక రాజ్యాంగాన్నీ, న్యాయస్థానాలనూ, పత్రికలనూ తనకు అనువుగా మలుచుకున్నాడు. హంగరీని పూర్తి ప్రజాస్వామ్యంగా ఇక పరిగణించలేమని 2022లో యూరోపియన్ పార్లమెంటు తీర్మానించింది. నాటో ఏం చేసింది? ఏమీ చేయలేదు. సంబంధం కుదిరేదాకా గోత్రంనుంచి జీతందాకా ఆరా తీస్తారు గాని, మూడు ముళ్ళు పడ్డాక అల్లుణ్ణి ఎవరు నిలదీస్తారు? సభ్యుడు తానుగా తప్పుకోవడానికి నాటో ఒడంబడికలో దారి ఉంది. సభ్యుణ్ణి వెళ్ళగొట్టడానికి మాత్రం ఒక్క వాక్యం లేదు.

పైగా, కొత్తగా ఎవరు రావాలన్నా లోపలివాళ్ళందరూ ఒప్పుకోవాలి. 2022 మేలో స్వీడను దరఖాస్తు పెట్టుకుంది. అందరికంటే చివర, 2024 ఫిబ్రవరి 26న, సరేనన్నది హంగరీ పార్లమెంటు.